నలభై ఒకటో నంబరు, రెండోసారి

మా పిచ్చుకకి ఇంకో నెలలో పదమూడేళ్ళు నిండుతాయి. పిచ్చుక అంటే నా కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది, ఆ పేరు అలాగే ఉండిపోయింది. మా పేటలో నాటకాల హాలు ఒకటుంది. అక్కడివాళ్ళు ఏడాదికోసారి పిల్లలతో పాటల నాటకం వేస్తారు. ఆడిషన్ రోజుకి పదమూడు నిండినవాళ్ళని తీసుకోరు. కాబట్టి దానికి ఇదే ఆఖరి అవకాశం.

అలాగని హాలుకి కొత్తదేం కాదు. మొదటి ఏడు చెట్టు వేషం వేసింది. గంటన్నర కదలకుండా నిలబడిందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న పాపానికి రెండో ఏడు రాయి ఇచ్చారు. మూడో ఏడు గుర్రంలో వెనక కాళ్ళు. ముందు కాళ్ళవాడు దారి తప్పి తెరలోకి దూసుకుపోతే, గుర్రాన్ని వెనక్కి లాగి నాటకం పరువు నిలబెట్టింది నా కూతురే. అయినా చప్పట్లు ముందు కాళ్ళకే వచ్చాయి. గుర్రం తల వాడి దగ్గరుంది మరి.

"ఒక్క లైనమ్మా," అంది ఈ ఏడు, అన్నం ముందు కూర్చుని. "ఒక్క లైను నేనొక్కదాన్నే పాడాలి. అందరూ ఆగి వినాలి. అంతే."

అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఒక్క లైను! ఎవరి కూతురది? పదహారేళ్ళుగా ఈ ఊరి బస్ స్టేషన్లో మైకులో బస్సులు పిలుస్తున్నదాన్ని నేను. రోజుకి నాలుగువందల బస్సులు. పరుగెత్తుతున్న మనిషి నా గొంతు విని ఆగుతాడు, ఆగిన మనిషి పరుగెత్తుతాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఒక్క లైను కోసం అంగలార్చడమా? ఆ మూడేళ్ళూ దాన్ని ఆడిషన్‌కి తీసుకెళ్ళింది మా ఆయన. ఆయన అద్దాలు కోసే షాపులో పని చేస్తాడు. అద్దం పగలకుండా మాట్లాడే అలవాటు, అంటే దాదాపు మాట్లాడడు. ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను.

రెండు వారాలు తోమాను దాన్ని. పాట కాగితం ముందే ఇచ్చారు. గాలి తప్పిపోయిన ఊరి కథ అది. ఊళ్ళో పిల్లలంతా గాలిని వెతుక్కుంటూ పాడతారు. ఎనిమిది లైన్లు. ఆఖరి లైనులో ఆఖరి మాట "రా" దగ్గర గొంతు మేడెక్కి, అక్కడే కాసేపు కూర్చుని, నింపాదిగా దిగాలి. ఆ "రా" కోసం మేము పడ్డ పాట్లు కింది వాటాలో ఆవిడకి తెలుసు. ఆవిడ కర్ర పెట్టి తన ఇంటి కప్పు పొడిచిన ప్రతిసారీ, "చూశావా, వినపడుతోంది!" అని పిచ్చుక భుజం తట్టాను.

నాకు తెలిసిన విద్యంతా నేర్పాను. ఊపిరి పొట్టలోంచి తియ్యాలి. మాట చివర మింగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. ఇది మా ఉద్యోగంలో ప్రాణం. మొదటిసారి పిలిచినప్పుడు ఎవరో మాట్లాడుతున్నారని జనానికి తెలుస్తుంది. రెండోసారి ఏమన్నారో తెలుస్తుంది. ఇంట్లో కూడా నాకదే అలవాటు. "స్నానానికి వెళ్ళు, స్నానానికి వెళ్ళు." "గ్యాసు కట్టెయ్యండి, గ్యాసు కట్టెయ్యండి." అందుకే పిచ్చుక ప్రతి లైనూ రెండేసిసార్లు పాడుతుంటే ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇంకెవరింట్లోనైనా "ఇదేంటి?" అని ఒక్కరైనా అడిగేవారు. మా ఇంట్లో నేను చేత్తో తాళం వేశాను, మా ఆయన తలూపాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి హాలు వసారా కిటకిటలాడిపోతోంది. అరవై ముగ్గురు పిల్లలు. ప్రతి పిల్లకీ వెనకాల ఒక తల్లి, కొందరికి తల్లితోపాటు దువ్వెన పట్టుకున్న అత్త. మూల బెంచీ మీద ఒక పిల్ల వేడినీళ్ళు పుక్కిలిస్తోంది. ఇంకొకడు గోడకి ముఖం పెట్టి "ఆ ఆ ఆ" అంటున్నాడు. గోడ అవతల ఇంకెవడో "ఈ ఈ ఈ" అని జవాబిస్తున్నాడు. పిచ్చుక గౌనుకి నలభై ఒకటో నంబరు పిన్నుతో గుచ్చారు. దాని చేతులు చల్లగా ఉన్నాయి, కళ్ళు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి.

హాలు తలుపు మీద పెద్దక్షరాలతో ఒక కాగితం అంటించారు. ఒక్కొక్కరికి యాభై సెకన్లు. గంట మోగగానే దిగిపోవాలి. రెండో అవకాశం లేదు. తల్లిదండ్రులు జోక్యం చేసుకుంటే ఆ పిల్లల నంబరు కొట్టివేయబడుతుంది. నేను మూడోదీ నాలుగోదీ శ్రద్ధగా చదివి, ఆ నాలుగోదాన్ని మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. "మీరు నోరు తెరవకండి, నోరు తెరవకండి," అన్నాను. ఆయన నా నోటి వైపు చూసి తలూపాడు.

నంబర్లు పిలిచేది, గంట కొట్టేది ఒక్కరే. వారమంతా మందుల షాపు నడుపుతాడు, ఆదివారం ఇక్కడ సేవ. అందరూ గంటాయన అంటారు. లోపల తీర్పు చెప్పేది డైరెక్టరమ్మ. ఆవిడది కళ్ళజోళ్ళ షాపు. పియానో దగ్గర ఒక తాత కూర్చుంటాడు. వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయినా మెట్ల మీద ఎలకల్లా పరిగెత్తుతాయి. పిల్ల పాడుతున్నప్పుడు ఆ పిల్ల తల్లిదండ్రులు తలుపు దగ్గర నిలబడి చూడొచ్చు.

"నలభై ఒకటి!" అన్నాడు గంటాయన. అప్పటికే గొంతు బొంగురుపోయింది పాపం.

పిచ్చుక వేదికెక్కింది. పొట్టలోంచి ఊపిరి తీసింది. మొదలెట్టింది.

"గాలీ గాలీ ఎక్కడికెళ్ళావ్..."

ఖంగుమంది హాలు. డైరెక్టరమ్మ రాస్తున్నది ఆపి తలెత్తింది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అది మళ్ళీ,

"గాలీ గాలీ ఎక్కడికెళ్ళావ్!"

రెండో లైనులోకి వెళ్ళిపోయిన పియానో తాత ఉలిక్కిపడి వెనక్కొచ్చాడు. "గంటలు ఊగడం మానేశాయి." ఈసారి ముందుకెళ్ళాలా వద్దా అని వేళ్ళు గాల్లో ఆపాడు. "గంటలు ఊగడం మానేశాయి!" మూడో లైనుకి తాతకి కిటుకు తెలిసిపోయింది. తనే ముసిముసిగా నవ్వుతూ ప్రతి లైనుకీ వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. నాలుగో లైను రెండోసారి అయింది. అయిదో లైనుకి పిచ్చుక నోరు తెరిచింది. గంట మోగింది.

అది చక్కగా వంగి దణ్ణం పెట్టి దిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "బాగా పాడానా అమ్మా? వెనక వరసకి వినపడిందా?"

"ఖంగుమంది బంగారం, ఖంగుమంది," అన్నాను. అప్పటికింకా నాకూ బుర్రకెక్కలేదు. సగంలో ఎందుకు ఆపారా అని గంటాయన మీద పళ్ళు నూరుతున్నాను.

అప్పుడు లోపల్నుంచి నలభై రెండో నంబరు పాట వినపడింది. అంతకుముందు పాడిన నలభై మందీ వసారా గోలలో మా చెవిన పడనే లేదు, ఇప్పుడు తలుపు పక్కనే ఉన్నాం. సన్నటి గొంతు. ఒక లైను, దాని తర్వాత లైను, దాని తర్వాత ఇంకో లైను. ఎక్కడా ఆగలేదు, వెనక్కి రాలేదు. ఎనిమిదో లైనుకొచ్చి "రా" అని మేడెక్కి దిగింది. అప్పుడు మోగింది గంట.

పిచ్చుక నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, ఒక్కోసారే పాడాలా?"

అవునన్నట్టు తలూపాను. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. నంబరు కాగితానికున్న పిన్ను జాగ్రత్తగా తీసింది. "పోనీలే అమ్మా. నాలుగు లైన్లు పాడాగా," అని నా చెయ్యి నిమిరి, వెళ్ళి వసారా మెట్ల కింద వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది. కాగితాన్ని మడిచి, ఇంకా మడిచి, గోరంత చేసింది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. మంట ఎవరి మీదో వేరే చెప్పాలా? పిల్ల నన్ను ఓదార్చి వెళ్ళింది. అంతకంటే తలవంపులు ఇంకేముంటాయి?

అదే సమయానికి వసారాలో గొడవ మొదలైంది. గంటాయన గొంతు పూర్తిగా పోయింది. "నలభై మూడు" అని ఆయన అంటే పక్కనున్నవాళ్ళకే వినపడటం లేదు. నలభై అయిదో పిల్ల పరుగెత్తుకెళ్ళి వెనక్కొచ్చింది. నలభై మూడోవాడు బయట బంతి ఆడుతున్నాడు. ఎవరో మైకూ స్పీకరూ తెచ్చి, మైకు ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని ఐస్‌క్రీములా పెదాలకి ఆనించి పట్టుకున్నాడు. అది కీచుమంది. పిల్లలంతా చెవులు మూసుకున్నారు.

మైకుని అలా పట్టుకుంటే నేను చూడలేను. కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. "ఇలా ఇవ్వండి!" అని లాక్కున్నాను. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టాను.

"దయచేసి వినండి. నలభై మూడో నంబరు, నలభై మూడో నంబరు, లోపలికి రావలెను. నలభై నాలుగు, నలభై అయిదు, తలుపు పక్కన వరసలో నిలబడవలెను."

వసారా ఒక్కసారి బిగుసుకుపోయింది. తరవాత అందరూ ఎవరి చోటికి వాళ్ళు కదిలారు. దువ్వెన అత్తలు కూడా సామాను సర్దుకున్నారు. ఒక పెద్దాయన అలవాటు కొద్దీ సంచీ భుజాన వేసుకుని బయటికి నడవబోయి ఆగాడు. "ఆవిడేనా? ఆ బస్సుల గొంతు ఆవిడదేనా?" అని గుసగుసలు. గంటాయన రెండు చేతులూ జోడించి, ఆ పని ఇక మీదే అన్నట్టు సైగ చేశాడు.

నలభై మూడు నుంచి అరవై మూడు దాకా గడియారంలా నడిపించాను. ఇరవయ్యొక్క మంది పిల్లలు. ఇరవయ్యొక్క "రా"లు. ఒక్కటి కూడా మా పిచ్చుక "రా" కాలి గోటికి సరిపోదు. తల్లిని కదా అలా అనిపించిందని మీరనుకోవచ్చు, అనుకోండి.

అరవై మూడు అయింది. లోపల డైరెక్టరమ్మ కాగితాలు సర్దుతున్న చప్పుడు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. మెట్ల కింద పిచ్చుక చెప్పు బకిల్ పెట్టుకుంటోంది.

చెప్పాను కదా, పదహారేళ్ళ ఉద్యోగం. ఆలస్యమైన బస్సుని పిలిచాను, రద్దయిన బస్సుకి క్షమాపణ చెప్పాను. లేని బస్సుని మాత్రం ఏ రోజూ పిలవలేదు. పిలిస్తే నాలుగొందల మంది లేచి నిలబడతారు. ఆ గొంతుకి అంత పరువు. తలుపు మీది నాలుగో వాక్యం ఎదురుగా కనపడుతూనే ఉంది. నా నోరు నా మాట వినలేదు.

"నలభై ఒకటో నంబరు. నలభై ఒకటో నంబరు, మళ్ళీ వేదిక మీదికి రావలెను."

పిచ్చుక తలెత్తింది. నా వైపు కాదు, స్పీకరు వైపు చూసింది. ఆ గొంతు పిలిస్తే వెళ్ళాలని దానికి ఉగ్గుపాలతో నేర్పాను. లేచి, ఒక బకిల్ ఊడిన చెప్పుతోనే టపటపా పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్ళాను. మా ఆయన నా వెనకాల.

డైరెక్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. "నువ్వు అయిపోయావుగా తల్లీ? నిన్నెవరు పిలిచారు?"

పిచ్చుక వెనక్కి తిరిగి నన్ను చూసింది. అంతా అర్థమైపోయింది దానికి. దాని చెవులు ఎర్రబడటం తలుపు దగ్గర్నుంచే కనపడింది. అబద్ధం చెప్పి నన్ను కాపాడుతుందో, నిజం చెప్పి తన నంబరు తనే కొట్టేసుకుంటుందో. దానికి ఆ అవస్థ ఎందుకు?

"నేనేనండీ," అన్నాను. మైకు లేకుండా నా గొంతు ఇంత చిన్నదని నాకే తెలీదు. "దాని తల్లిని. రెండేసిసార్లు పాడమని చెప్పింది నేను. దొంగ పిలుపు పిలిచిందీ నేనే. దానికేం తెలీదు. కొట్టేస్తే నన్ను కొట్టెయ్యండి."

"తలుపు మీద కాగితం చదివారా?"

"చదివానండీ." ఇంకోసారి అనబోయి నాలుక కరుచుకున్నాను.

డైరెక్టరమ్మ పెన్ను తీసింది. నలభై ఒకటో గడి మీద ఆ పెన్ను మొన ఆగడం చూశాను. కొంప మునిగింది అనుకున్నాను. ఆ పిల్ల ఒక్క లైను అడిగింది, నేను ఉన్న నాలుగూ ఊడగొట్టాను.

అప్పుడు గంటాయన చెయ్యెత్తాడు. గొంతు లేదు కదా, పెదాలు కదిపాడు, ఎవరికీ అర్థం కాలేదు. విసుక్కుని ఒక కాగితం మీద గబగబా రాసి డైరెక్టరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ పైకి చదివింది.

"'మైకు నేనే ఇచ్చాను. మైకు చేతిలో ఉన్నంతసేపు ఆవిడ మన సిబ్బంది. సిబ్బంది పిలిస్తే పిలిచినట్టే.'" చదివి ఆయన వైపు చూసింది. "ఇదెక్కడి న్యాయమండీ?"

గంటాయన ఆ కాగితం లాక్కుని ఇంకో మాట రాశాడు. "'ఇరవయ్యొక్క మందిని పిలిచింది. ఆ పిలుపులు చెల్లితే ఇదీ చెల్లాలి. చెల్లకపోతే అందర్నీ మళ్ళీ పిలవాలి.'"

ఇరవయ్యొక్క మందిని మళ్ళీ వినడమనే మాటకి డైరెక్టరమ్మ ముఖం పాలిపోయింది. నవ్వు ఆపుకోవడానికి పెన్ను కొరికింది, ఆగలేదు, ఫక్కుమంది. "రెండో అవకాశం లేదు," అంది నవ్వుతూనే. "అది మార్చను."

"రెండో అవకాశం వద్దండీ," అంది పిచ్చుక. ఆ ఖాళీ హాల్లో దాని మామూలు గొంతు. "పాడింది మళ్ళీ పాడను. పాడని సగం మిగిలిపోయింది. అది ఇంటికి పట్టుకెళ్ళడం ఇష్టం లేదు."

డైరెక్టరమ్మ జవాబు చెప్పేలోపే పియానో తాత వేళ్ళు అయిదో లైను మీద వాలాయి. ఎవరినీ అడగలేదు. ఎవరూ ఆపలేదు.

"తలుపులు అన్నీ తెరిచే ఉంచాం,
తగువులు అన్నీ మరిచే ఉన్నాం,
నెమ్మదిగానే నడిచి రా,
నీ ఇంటికి నువ్వే తిరిగి రా..."

నేను నేర్పినట్టు పాడలేదు అది. పొట్టలోంచి తియ్యలేదు, ఖంగుమనిపించలేదు. తప్పిపోయిన గాలి తలుపు చాటునే నిలబడి ఉన్నట్టు, గట్టిగా పిలిస్తే బెదిరి పారిపోతుందన్నట్టు పాడింది. ఒక్కోసారే పాడింది. డైరెక్టరమ్మ ముందుకి వంగింది. తలుపు దగ్గర పోగైన తల్లులు ఒకరి భుజం మీంచి ఒకరు వంగారు. ఆఖరి "రా" మేడెక్కింది, కాసేపు కూర్చుంది, ఎవరూ గమనించకుండా దిగిపోయింది. గంటాయన చేతిలో గంట అలాగే ఉంది. ఇన్నేళ్ళూ ఈ పిల్లకి నేను వినిపించానే తప్ప దీన్ని నేను విన్నది లేదు. అది తెలిసి సిగ్గేసింది, సిగ్గుని మించి గర్వం ముంచుకొచ్చింది.

"జాబితా అయిదింటికి," అంది డైరెక్టరమ్మ. "అమ్మా, మీరు మాత్రం నాటకం అయ్యేదాకా ప్రతి ఆదివారం వచ్చి పిల్లల్ని పిలవాలి. సిబ్బంది కదా."

అయిదింటికి అద్దం తలుపు మీద జాబితా అంటించారు. నేను మోచేతులతో దారి చేసుకుని ముందుకెళ్ళాను. గాలి పాత్ర, నంబరు యాభై రెండు. కిందికి చదివాను. చెట్లలో లేదు. రాళ్ళలో లేదు. పన్నెండో వరసలో ఉంది: గంటల గోపురం కాపలాదారు, నలభై ఒకటి, మూడు లైన్లు, ఒంటరిగా.

మూడా? ఆ పాట విన్నాక కూడా మూడేనా? ఆ యాభై రెండో నంబరువాడి "రా" మెట్ల మీదే జారిపడింది, నా చెవులతో విన్నాను. డైరెక్టరమ్మ గది ఎటో చూసుకుని ఒక అడుగు వేశాను కూడా.

"అమ్మా!" వెనకనుంచి నా నడుం చుట్టేసింది పిచ్చుక. "మూడమ్మా! మూడు! నేనొక్కదాన్నే!" నన్ను వదిలి వాళ్ళ నాన్న మెడకి వేలాడింది. ఆయన్ని వదిలి గంటాయనకి మూడు వేళ్ళు చూపించింది. పేరు తెలియని ఒక దువ్వెన అత్తని పట్టుకుని, "ఆంటీ, నాకు మూడు లైన్లు!" అని గిర్రున తిప్పింది. ఆవిడ కూడా తిరిగింది పాపం. నా అడుగు నేను వెనక్కి తీసుకున్నాను. అది అడిగింది ఒక్కటి, వచ్చినవి మూడు. మధ్యలో నా లెక్క ఎవరికి కావాలి?

ఇంటికి నడుస్తూ ఆ మూడు లైన్లూ పాడింది. ఆ లైన్లు వచ్చే ఆదివారం గానీ ఇవ్వరు. మాటలూ తెలీవు, రాగమూ తెలీదు. అయినా పాడింది. "లాలాలా" అని ఒకటి, "తారారా" అని ఒకటి, మూడోదానికి ఈల. మూడో వీధి తిరిగేసరికి మా ఆయన కూడా సన్నగా ఈల అందుకున్నాడు. ఆయనకి ఈల వచ్చని పెళ్ళయిన పదిహేనేళ్ళకి తెలిసింది నాకు. "అమ్మా, నువ్వేం మాట్లాడకు, విను," అంది పిచ్చుక వెనక్కి నడుస్తూ. నేను వింటున్నాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, కొంగుతో రెండూ తుడుచుకుంటున్నాను. మా ఇంటి మలుపు దాటి రెండు వీధులు ముందుకొచ్చేశామని ముగ్గురిలో ఒక్కరమూ చూసుకోలేదు.